మన్యాని యనునది తల్లి పేరు

ఇటలీ దేశపు నటి అన్నా మన్యాని యింటిపేరు తండ్రివలన వచ్చినది కాదు. 1908వ సంవత్సరము మార్చి 7వ తేదీన రోము నగరమున జన్మించిన యా శిశువునకు తండ్రి తన పేరు నీయలేదు. తల్లి మరీనా మన్యాని బిడ్డను పుట్టింట విడిచి ఈజిప్టునకు బోయెను. అమ్మమ్మ పెంచినది. అన్నా నటనావిద్య నభ్యసించి, రాత్రివేళ గానశాలలలో పాడి, 1940 ప్రాంతమున తోతో యను హాస్యనటునితో గూడి రంగస్థలముపై ప్రసిద్ధి గాంచెను. 1935లో గొఫ్రేదో అలెస్సాంద్రీని యను దర్శకుని వివాహమాడెను గాని యా కాపురము నిలువలేదు. 1942లో వేఱొకరివలన కుమారుడు కలుగగా, వానికి తన యింటిపేరే పెట్టెను. పసితనముననే పోలియో సోకి వాని కాళ్లు చచ్చుపడెను. లోకులు చెవులు కొఱుకుకొనుటకు ఇంతకంటె నేమి కావలెను? ఆమె బిడ్డను దాచలేదు. నటించి, ఆర్జించి, పెంచుకొనెను.

ఇట్టి స్త్రీకి 1945లో రొబెర్తో రొస్సెల్లీని 'రోమా చిత్తా అపెర్తా' యను చిత్రమున పీనా పాత్ర నిచ్చెను. ఆ పాత్రకు మూలము నిజముగా జరిగిన ఘోరము. 1944 మార్చి 3వ తేదీన, రోము జర్మనుల వశమందున్నపుడు, తెరేసా గుల్లాచే యను గర్భవతి, ఐదుగురు బిడ్డల తల్లి, చెఱబడిన భర్తను జూడబోయి తుపాకిగుండునకు బలియయ్యెను. చిత్రములోని పీనా వితంతువు, ఒక కుమారుని తల్లి, ద్వితీయ వివాహమునకు ముందే గర్భవతి. ఆమె పాదిరీతో తన సిగ్గును చెప్పుకొనును; చిత్రము మాత్రము ఆమెను దూషింపదు. పెండ్లినాడే వరుని జర్మను సైనికులు లారీ నెక్కింపగా, పేరు పెట్టి పిలుచుచు వెంట పరుగెత్తి, నడివీధిలో గూలిపోవును. కథ నడుమనే నాయిక మరణించుట ఎంత సాహసము! పూతలేని ముఖము, చెదరిన జుట్టు, నిత్యము సంతలో కనబడు గృహిణి రూపము. అందగత్తెలకై వెదకు కన్నులకు ఆమె యేమియు నీయలేదు. ఆ మరణము నటనయని తోచదు.

ఆ చిత్రము తీయుచున్న దినములలోనే, 1945 ఫిబ్రవరిలో, ఇటలీ ప్రభుత్వము స్త్రీలకు వోటుహక్కు నిచ్చెను. 1946 జూన్ 2వ తేదీన వారు దేశభవిష్యత్తును నిర్ణయించు వోటు వేసిరి. విడాకుల చట్టమునకు మాత్రము 1970 వఱకు వేచియుండవలసి వచ్చెను. వోటునిచ్చిన చేయి కాపురపు ముడి విప్పుటకు పాతికేండ్లు సంకోచించెను.

తరువాతి పాత్రలును తల్లులవే. 1951లో విస్కోంతి తీసిన 'బెల్లీస్సిమా'లో కూతును నటిని జేయ గోరు తల్లి. 1955లో 'ది రోజ్ టాటూ'లో కుట్టుపనితో బ్రతుకు సిసిలీ వితంతువు. ఈ రెండవదానిని టెన్నెసీ విలియమ్స్ ఆమెను దలచియే రచించెను. అందులకు 1956లో అమెరికావారి ఆస్కార్ బహుమానము లభించెను. ఉత్తమ నటిగా దానిని బొందిన తొలి ఇటలీ స్త్రీ ఆమెయే. 1962లో పసోలీని 'మమ్మా రోమా'లో, కుమారుని కొఱకు వేశ్యావృత్తిని విడువజూచు తల్లియయ్యెను.

1973 సెప్టెంబరు 26వ తేదీన రోములోనే మరణించెను. అంతకు ముందు సంవత్సరము ఫెల్లీని తీసిన 'రోమా' చిత్రమున ఆమె క్షణకాలము కనబడును. రాత్రివేళ దర్శకుడు వీధిలో నడిపి ప్రశ్నింపబోవగా, అతనిని నమ్మనని చెప్పి, తన యింటి తలుపు మూసికొని లోనికి బోవును.