కైపు దిగిన కైపా

స్వీడన్‌లోని ఉప్సాలాలో 1973లో పుట్టిన కైపా బృందం గురించి ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు చెప్పే కథ ఎప్పుడూ ఒకటే. హాన్స్ లుండిన్ కీబోర్డులకు పదిహేడేళ్ల కుర్రాడు రోయినె స్టోల్ట్ గిటారు తోడై 1975, 1976లలో రెండు మంచి ఆల్బమ్‌లు వచ్చాయి. 1979లో స్టోల్ట్ తప్పుకున్నాడు. తర్వాతి 'హెండెర్' (1980), 'నట్‌యూర్స్‌తీద్' (1982) చప్పగా తేలిపోయాయి, దుకాణం కట్టేశారు. అంటే నేరమంతా స్టోల్ట్ లేకపోవడానిదే. వినడానికి బాగానే ఉంది కానీ, రికార్డులు ఆ సాక్ష్యం చెప్పవు. 1976 నాటి రెండో ఆల్బమ్‌లో ఒక వైపంతా ఒకే రచన, ఇరవై ఒక్క నిమిషాల పైమాటే. 1978లో వచ్చిన 'సోలో'లో అలాంటిది ఒక్కటీ లేదు. గాయకుడిగా మట్స్ లోఫ్‌గ్రెన్ వచ్చాడు, పాటలు కురచయ్యాయి. అప్పటికి స్టోల్ట్ బృందంలోనే ఉన్నాడు మరి!

పాట కురచైతే తప్పేమిటి, మరో ప్రోగ్రెసివ్ రాక్ బృందం జెనెసిస్ అదే పని చేసి కోట్లు గడించలేదా అని అడగవచ్చు. గడించింది, ఇంగ్లిష్‌లో పాడి. కైపా పాడింది స్వీడిష్‌లో. దాని సంత ఆ ఒక్క దేశమే. అక్కడి కుర్రకారేమో అప్పటికే ఎబ్బా గ్రోన్ లాంటి పంక్ బృందాల వెంట పడ్డారు. అలాగని 1980, 1982 ఆల్బమ్‌లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అవి బలహీనమైనవే. లుండిన్ బాణీ ఒకసారి వినిపించి ఊరుకునేది కాదు. ఆర్గన్ మీద మొదలై, గిటారుకు చేతులు మారి, కాసేపు మాయమై, వేరే లయలో మళ్లీ ఎదురవ్వాలి. అప్పుడే దాని అందం తెలుస్తుంది. చరణం, పల్లవి, మళ్లీ చరణం అంటూ నాలుగు నిమిషాల్లో ముగించేస్తే ఆ తిరుగుడుకు చోటెక్కడిది? నిగనిగలాడే సింథసైజర్ ధ్వని ఆ లోటును పూడ్చలేదు. స్టోల్ట్ స్థానంలో వచ్చిన మాక్స్ ఓమన్ స్టోల్ట్‌లా వాయించలేదని ఫిర్యాదు చేస్తారు. ఆ ఇరుకులో స్టోల్ట్ అయినా ఏం వాయించేవాడు?

2002లో స్టోల్ట్‌తో కలిసి బృందం తిరిగొచ్చాక సంగీతం కోలుకుంది కదా అన్నది గట్టి అభ్యంతరమే. అయితే అతనితో పాటు పది నిమిషాలు దాటే రచనలూ తిరిగొచ్చాయి. పైగా ఈసారి ఇంగ్లిష్‌లో పాడారు. స్టోల్ట్, పొడవైన రచనలు, ఈ రెంటిలో దేని ప్రభావం ఎంతో తేల్చడానికి చరిత్రే ఇంకో అవకాశం ఇచ్చింది: 2005 ఆల్బమ్ తర్వాత స్టోల్ట్ మళ్లీ వెళ్లిపోయాడు. పెర్ నిల్సన్ గిటారు అందుకున్నాడు, లుండిన్ మాత్రం పొడవు తగ్గించలేదు. ఈసారి దుకాణం కట్టలేదు. 2007, 2010, 2012, 2014, 2017, 2022లలో ఆల్బమ్‌లు వచ్చాయి.