ఏడు వారాల పేర్లు: సరిహద్దు ఇళ్లలో పిల్లలకు నేర్పే విధానం

ఆదివారం మొదలుకొని శనివారం వరకు ఏడు పేర్లను నాలుగేళ్ల పిల్లలు పాటలా వల్లించగలరు. అయితే “నేడు ఏ వారం? రేపు ఏ వారం?” అని అడిగితే తడబడతారు. పేర్లను వరుసగా చెప్పడం వేరు, గడుస్తున్న రోజును గుర్తించడం వేరు. సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ పని మరికొంత కష్టం. ఇంట్లో ఒక పేరు, బడిలో మరొక పేరు, అమ్మమ్మ నోట ఇంకొక పేరు వినిపిస్తాయి. అవన్నీ ఒకే రోజు పేర్లని ఎవరూ చెప్పకపోతే, వేర్వేరు రోజులని పసివారు భావించే అవకాశం ఉంది. ఈ తికమకకు భయపడి పెద్దలు ఇంట్లోనూ బడి పేర్లే వాడితే, తెలుగు పేర్లు ఒక్క తరంలోనే మరుగున పడతాయి. అప్పుడు పంచాంగం చదవాలన్నా, తాతగారితో ఊరి కబుర్లు చెప్పుకోవాలన్నా పిల్లలకు అడ్డంకే.

పేర్లు అనేకం, గ్రహం ఒక్కటే

ఏడు వారాలకూ ఏడు గ్రహాలు ఆధారం. ఆదివారంలోని ‘ఆది’ ఆదిత్యుని పేరు నుంచి వచ్చింది. కర్ణాటకలో భానువారం, మహారాష్ట్రలో రవివార్, ఒడిశాలో రబిబార అన్నా ఆ సూర్యుడే. కన్నడ, మరాఠీ, ఒడియా భాషల్లో తక్కిన ఆరు పేర్లూ తెలుగుకు చాలా దగ్గర. ఒడియాలో ‘వార’ అనేది ‘బార’ అవుతుంది, అంతే భేదం.

తమిళంలో మాత్రం పేర్లు మారతాయి: ఞాయిరు (ఆది), తింగళ్ (సోమ), సెవ్వాయ్ (మంగళ), బుదన్ (బుధ), వియాళన్ (గురు), వెళ్ళి (శుక్ర), సని (శని). మాటలు మారినా గ్రహాల వరుస మారలేదు. ఞాయిరు సూర్యుడు, తింగళ్ చంద్రుడు, సెవ్వాయ్ ఎర్రని అంగారకుడు, వియాళన్ బృహస్పతి, వెళ్ళి శుక్రుడు. ఈ సంగతి కథగా చెబితే రెండు వరుసలూ పిల్లల మనసులో జతపడతాయి.

తెలుగులోనే ఉన్న మారుపేర్లు

గురువారాన్ని ఉత్తరాంధ్రలోనూ, దానిని ఆనుకొని ఉన్న ఒడిశా తెలుగు ఇళ్లలోనూ లక్ష్మివారం అంటారు. ఒడియా కుటుంబాలు మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజ చేస్తాయి. తక్కిన తెలుగు ప్రాంతాల్లో లక్ష్మీపూజకు శుక్రవారం ప్రసిద్ధం కనుక పిల్లలు పొరబడకుండా చూడాలి. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ గురువారమే బేస్తవారం. ఇది బృహస్పతి పేరుకు పల్లె రూపం. మంగళవారాన్ని జయవారమనీ, శనివారాన్ని స్థిరవారమనీ అనే పెద్దలున్నారు. ఇవి తప్పు మాటలు కావు. “నాయనమ్మ లక్ష్మివారం అన్నది మన గురువారమే” అని ఒక్క మాట చెబితే చాలు.

‘వారం’ అనే మాటలో చిక్కు

తెలుగులో ‘వారం’ అంటే సోమవారం వంటి ఒక రోజు, ఏడు రోజుల కాలం కూడా. తమిళంలో రోజు పేరుకు ‘కిళమై’, ఏడు రోజులకు ‘వారం’ అని వేరు మాటలున్నాయి. మరాఠీలో రోజు ‘వార్’, ఏడు రోజులు ‘ఆఠవడా’. కనుక మొదట్లో “వారం తరువాత వెళదాం” అనడానికి బదులు “ఏడు రోజుల తరువాత, మళ్లీ సోమవారం నాడు వెళదాం” అనడం మేలు.

నేర్పే క్రమం

1. ముందుగా నిన్న, నేడు, రేపు అనే మూడు మాటలు స్థిరపడాలి. ప్రతి ఉదయం “నిన్న సోమవారం, నేడు మంగళవారం, రేపు బుధవారం” అని పిల్లల చేత చెప్పించాలి. మొన్న, ఎల్లుండి ఆ తరువాత.

2. ప్రతి వారానికీ ఇంటి అనుభవంలోని ఒక గుర్తు ఉండాలి. సంత ఇందుకు చక్కని ఆధారం. రాయగడ జిల్లా చటికోనలో బుధవారం సంత జరుగుతుంది. యానాంలో ఫ్రెంచి పాలన కాలంలోనే మంగళవారం సంత పేరు పొందింది. శివాలయం, చర్చి ప్రార్థన, జుమ్మా నమాజు, తలంటు, బడి సెలవు ఏదైనా గుర్తే.

3. వారాలు గీత కాదు, చక్రం. శనివారంతో పాట ఆగిపోతే ఆ తరువాత ఏమి వస్తుందో పిల్లలకు తోచదు. అరుగు మీద ముగ్గుతో ఏడు గళ్లు గుండ్రంగా గీసి, రోజుకొక గడి చొప్పున చింతగింజను జరిపించాలి. ఒక్కొక్క పర్యాయం ఒక్కొక్క గడి నుంచి లెక్క ఆరంభించాలి.

4. కొన్ని గోడ క్యాలెండర్లలో వారాలు పై నుంచి కిందికి, మరికొన్నింటిలో ఎడమ నుంచి కుడికి ఉంటాయి. తొలి సంవత్సరం ఒకే క్యాలెండరు చూపాలి.

బడి పేర్లు ఎప్పుడు?

బడి పేర్లను వద్దనుకోవడం సాధ్యం కాదు, సరి కూడా కాదు. ఉదాహరణకు తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతిగా పదో తరగతి వరకు తమిళం నిర్బంధ పాఠ్యాంశమైంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు పిల్లలకు రెండు వరుసలూ అవసరమే. ఇంటి పేరుతో రోజును గుర్తించగలిగిన బిడ్డకు బడి పేరు కొత్త విషయం కాదు, తెలిసిన దానికి మరొక పేరు మాత్రమే. బడి నుంచి వచ్చిన బిడ్డ “రేపు వియాళన్” అంటే, తప్పు పట్టకుండా “అవును, రేపు గురువారం” అని పెద్దలు బదులివ్వాలి. రోజూ ఈ ఒక్క మాట చెబుతూ ఉంటే బడి పేరు వచ్చినందువల్ల ఇంటి పేరు పోదు.