పుట్టువెంట్రుకల కత్తి, దాన్ని నూరిన రాయి

మొన్న మా ఆడబిడ్డ మనవడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాం. కళ్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడు ఇచ్చారు. క్షురకుడు దాన్ని మా కళ్లముందే పిడికి బిగించి, నాలుగు నిమిషాల్లో గుండు చేసేశాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు గానీ ఎక్కడా చిన్న గీటు కూడా పడలేదు. నున్నటి గుండుకి చందనం రాస్తుంటే, 1980ల్లో మా పల్లెలో జరిగిన మా తమ్ముడి పుట్టువెంట్రుకలు గుర్తొచ్చాయి.

అప్పుడు నాయీబ్రాహ్మణ తాత మా ఇంటికే వచ్చాడు. వసారాలో కూర్చుని పొది విప్పి, మడతకత్తితో పాటు రెండు రాళ్లు తీశాడు. ఒకటి కాస్త గరుకు. రెండోది పలక రంగులో, చేత్తో తడిమితే జారిపోయేంత నునుపు. చెంబుతో నీళ్లు పొయ్యడం నా పని. గరుకురాయి మీద కాసేపే నూరాడు. నున్నరాయి మీద మాత్రం ఎంతకీ ఆపడు. కత్తిని రాయికి ఆనించి, అదమకుండా, అటొకసారి ఇటొకసారి తిప్పుతూనే ఉన్నాడు.

"గట్టిగా అదిమితే అంచు చెడిపోతాది పాపా" అన్నాడు, నేను విసుక్కుంటే.

తర్వాత తోలుపట్టీ మీద నాలుగు సార్లు లాగి, తన ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూపించాడు. అది చూసేదాకా మా అవ్వ బిడ్డను ఒళ్లోంచి దించలేదు.

రెండు రాళ్లెందుకో నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. గరుకురాయి ఉక్కును త్వరగా అరగదీసి పదును తెస్తుంది. కానీ అంచు మీద రంపపు పళ్లలాంటి గీతలు వదులుతుంది. కూరగాయల కత్తికి అది చాలు, టమోటా ఇంకా బాగా తెగుతుంది. పసిబిడ్డ మాడుకు చాలదు. ఆ గీతలను మాయం చేసేదే నున్నరాయి.

అందుకు ప్రతి రాయీ పనికిరాదు. మన చిత్తూరు వైపు దొరికే గ్రానైటు రోటికి మేలు. దాని పలుకులు పెద్దవి, గట్టివి కాబట్టి పప్పు బాగా నలుగుతుంది. సన్నటి అంచుకు ఆ పలుకులే శత్రువులు. వంటింటి గట్టుకు వేసుకునే కడపబండ నునుపే గానీ, అది సున్నపురాయి, ఉక్కుకంటే మెత్తన. కత్తి రుద్దితే గట్టే అరుగుతుంది. మార్కాపురం పలకలరాయి వేరు. బంకమట్టి పొరలు భూమి ఒత్తిడికి గట్టిపడి తయారైన రాయి అది. రేణువులు కంటికి ఆనవు. అయితే పలకరాయిలోనైనా ఒక్క గట్టి పలుకు అడ్డొస్తే అంచు చిట్లిపోతుంది.

బయటి దేశాల క్షురకులూ ఇలాంటి రాళ్లనే వెతుక్కున్నారు. జర్మనీలో తురింజియా రాయి పలకరాయి జాతిదే. బెల్జియంలో ఆర్డెన్ కొండల కోటిక్యుల్ లేత పసుపు రంగు రాయి. దాని నిండా కంటికి కనపడని గార్నెట్ గింజలు. మనం ఉంగరాల్లో పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబానిదే. ముందు రాయి మీద చిక్కటి పాలలాంటి ముద్ద చేసి నూరితే త్వరగా కోస్తుంది. నీళ్లు పోస్తూ పల్చన చేసేకొద్దీ అంచు నునుపెక్కుతుంది. అమెరికాలో ఆర్కన్సా రాయి దాదాపు అంతా సిలికానే. చాలా గట్టిది, నెమ్మదిగా పనిచేస్తుంది, ఎక్కువగా నూనెతో వాడతారు. జపాన్‌లో క్యోటో కొండల రాళ్లకు పేరు.

1903లో అమెరికాలో జిల్లెట్ బ్లేడు అమ్మకానికి వచ్చింది. అరిగితే పారేయడమే, నూరే పనిలేదు. అయినా మన పల్లెల్లో మడతకత్తి ఇంకా చాలా కాలం నడిచింది. 1986లో మన దేశంలో హెచ్ఐవి మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత ఒకే కత్తి పదిమందికి వాడడమంటే జనం భయపడ్డారు. అందులో తప్పు లేదు. రాయి అంచును నునుపు చేస్తుంది గానీ రక్తపు మరకలోని రోగాన్ని చంపలేదు. మా తాత కత్తిని వేడినీళ్లలో ముంచడం నేను చూడలేదు. ఈ రోజు నా ఇంటి బిడ్డకు ఆ కత్తి పెడతానంటే నేనే ఒప్పుకోను.

కానీ ఒక సంగతి మనసులో మెదులుతుంది. అంత ఓపికగా నూరి, బిడ్డకు నొప్పి లేకుండా చూసిన ఆ తాతను మా ఇంట్లో వసారా దాటి లోపలికి రానివ్వలేదు. కూలికి కొలిచిన వడ్లు కూడా గడప ఇవతలి నుంచే పోశారు. ఆయన చెయ్యి బిడ్డ తలమీద ఉన్నంతసేపు మాకు ఏ అంటూ గుర్తురాలేదు. బ్లేడు వచ్చాక రాయి పోయిందని బాధపడే ముందు, మనం ఇది కూడా గుర్తుంచుకోవాలి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాత మనవడి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నున్నరాయి ఉందా అని అడిగితే నవ్వి, వంటింట్లోకి తీసుకెళ్లింది. ఊరగాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుంది. మధ్యలో బాగా గుంటపడిపోయింది.

"మా జేజి నాయన చేతిది అక్కా, పారెయ్యబుద్ధి కాలేదంట ఈయనకి" అంది.

నేను ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. ఇప్పటికీ నునుపే.