ఇంటి రికార్డింగ్: స్టూడియో మానిటర్ల అమరిక
స్టూడియో మానిటర్ అంటే రికార్డయిన ధ్వనిని మెరుగులు దిద్దకుండా, ఉన్నదున్నట్టు వినిపించడానికి తయారైన స్పీకరు. హైదరాబాదులో అబిడ్స్‌కు దగ్గర్లోని కోఠి గుజరాతీ గల్లీ ఆడియో సామగ్రికి పేరున్న బజారు. అయితే కొన్న మోడల్ కన్నా దాన్ని పెట్టిన చోటే చాలాసార్లు ఎక్కువ తేడా చూపిస్తుంది.

రెండు మానిటర్లు, వినేవారి తల సమబాహు త్రిభుజంగా ఉండాలి. ట్వీటర్లు (పైస్వరాలు పలికించే చిన్న స్పీకర్లు) చెవుల ఎత్తుకు రావాలి.

అసలు చిక్కు గదితోనే. 10×12 అడుగుల గదిలో పొడవు వెంట సుమారు 47 హెర్ట్జ్ వద్ద, వెడల్పు వెంట 56 హెర్ట్జ్ వద్ద స్థిర తరంగాలు ఏర్పడతాయి. ఆ స్వరాలు మూలల్లో బిగ్గరగా మోగుతాయి, గది నడిమధ్య దాదాపు మాయమవుతాయి. అందుకే కుర్చీ మధ్యలో వేయరు. పొట్టి గోడవైపు మానిటర్లు పెట్టి, ఆ గోడ నుంచి పొడవులో 38 శాతం దూరాన కూర్చోవడం మంచి ఆరంభం. మానిటర్‌ను గోడకు ఆనిస్తే బాస్ ఉబ్బుతుంది.

పక్కగోడకు తగిలి ధ్వని తిరిగొచ్చే చోటు తెలుసుకోవడానికి, మీరు కూర్చున్న చోటు నుంచి చూస్తుండగా మరొకరు పక్కగోడ మీద అద్దం జరపాలి. అద్దంలో ట్వీటరు కనిపించిన చోట ధ్వనిని పీల్చుకునే రాక్‌వూల్ (రాతినార) పలక తగిలించాలి. దూది బొంతయినా పైస్వరాలకు పనికొస్తుంది. కోడిగుడ్ల అట్టలు కంటితృప్తికే. బాస్ అదుపునకు మూలల్లో మందపాటి రాక్‌వూల్ కావాలి.

నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన రద్దీలాంటి చప్పుడును మించాలని వాల్యూము పెంచితే చెవులు త్వరగా అలిసిపోతాయి; మానిటర్లను దగ్గరకు జరుపుకోవడమే నయం.