కిరాయి ఇంటి గోడ మీద నీలి జెండా: అద్దెదారుకు ఉన్న హక్కెంత?

మూడేళ్ల కిందట ఏప్రిల్ 14న నేనుండే అద్దె ఇంటి బాల్కనీ గ్రిల్‌కు నీలి జెండా కట్టాను. మధ్యలో అశోక చక్రం ఉన్న మామూలు గుడ్డ జెండా. సాయంత్రానికి ఓనర్ ఫోన్ చేశాడు. "పార్టీల లొల్లి మన ఇంటికాడ వద్దు తమ్మీ, తీసెయ్" అన్నాడు. కింది పోర్షన్ గేటుకు ఏడాది పొడుగునా వేరే రంగు జెండా ఎగురుతూనే ఉంది. దాని సంగతేంటని అడిగితే "అది దేవుడిది" అన్నాడు. అగ్రిమెంట్‌లో ఇంటిని నివాసానికి తప్ప మరో పనికి వాడకూడదని ఒక వాక్యం ఉంది. ఆయన దాన్నే చూపించాడు. రెండు నెలల అడ్వాన్స్ ఆయన దగ్గరుంది. నేను జెండా విప్పి లోపలి గదిలో కట్టుకున్నాను.

ఆ రోజు నాకు తెలియని చట్టం సంగతులు తర్వాత నెమ్మదిగా తెలుసుకున్నాను. ఊళ్లో వాడ వదిలి పట్నానికి చదువుకో ఉద్యోగానికో వచ్చిన ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఇవి అవసరపడతాయి. టులెట్ బోర్డు చూసి గేటు తట్టినప్పుడు ఇంటిపేరు, ఊరు, ఏం తింటారు అనే ప్రశ్నలు దాటుకుని ఇల్లు దొరికించుకున్నాక, గోడ మీద పటం పెట్టగానే ఆ ప్రశ్నలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. 1917లో బరోడా సంస్థాన ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు ఊళ్లో ఎవరూ చోటివ్వలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగితే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే దీన్ని రాశారు. మనం ఎవరమో కనబడనంత కాలమే ఆ గది మనది. ఈ షరతు ఇంకా పోలేదు.

రాజ్యాంగం ఓనర్‌ను ఆపుతుందా?

19(1)(ఎ) అధికరణం మాట మాట్లాడే హక్కునే కాదు, జెండాతో, బొమ్మతో, బ్యానర్‌తో భావం చెప్పే హక్కును కూడా ఇస్తుంది. నవీన్ జిందాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, గౌరవంగా జాతీయ జెండా ఎగరేయడం ఈ అధికరణం కిందికే వస్తుందని చెప్పింది. అయితే అక్కడ అడ్డుపడింది ప్రభుత్వ అధికారులు, ఇంటి ఓనర్ కాదు. ప్రాథమిక హక్కులు ప్రధానంగా రాజ్యం మీద ఉన్న కట్టుబాట్లు అనేది పాత అవగాహన. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీ తీర్పు దీన్ని కొంత కదిలించింది. 19, 21 అధికరణాల హక్కులను ప్రభుత్వేతర వ్యక్తుల మీద కూడా అమలు చేయించుకోవచ్చంది. ఆ కేసు అద్దె ఇళ్ల గురించి కాదు, మంత్రుల మాటల గురించి. అద్దెదారుల వాదనకు అదొక తలుపు తీసింది, అంతవరకే.

15(2) అధికరణంలోని "దుకాణాలు" అనే మాట సేవలందించే వారందరికీ వర్తిస్తుందని రాజ్యాంగ సభలో అంబేద్కర్ విశాలంగా వివరించారు. టులెట్ బోర్డు పెట్టి ఇంటిని బజారుకెక్కించిన వాళ్లను ఇందులోకి ఎందుకు తేకూడదన్నది నా ప్రశ్న. కానీ 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, పార్సీలకు మాత్రమే సభ్యత్వమిచ్చే నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఇళ్ల విషయంలో కోర్టులు ఆస్తి హక్కు వైపే మొగ్గుతూ వచ్చాయి. కాబట్టి రాజ్యాంగం ఒక్కదాన్నే పట్టుకుని ఓనర్ ముందు నిలబడితే సరిపోదు.

అగ్రిమెంట్‌లో రాసిందేమిటి, రాయనిదేమిటి

ఒప్పందంలో ప్రత్యేకంగా వేరే షరతు లేకపోతే ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని సెక్షన్ 108 వర్తిస్తుంది. అద్దె కడుతున్నంత కాలం ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించే హక్కు అద్దెదారుది. దానికి బదులుగా ఇంటిని పాడుచేయకూడదు, అద్దెకిచ్చిన పనికి తప్ప వాడకూడదు, అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. తాడుతో కట్టిన జెండా, టేపుతో అంటించిన పోస్టరు వీటిలో దేనికిందికీ రావు. జెండా కట్టినంత మాత్రాన ఇల్లు పార్టీ ఆఫీసైపోదు. మా ఓనర్ చూపించిన "నివాసానికి మాత్రమే" అనే వాక్యం జెండాను ఆపలేదు. ప్రహరీ గోడకు పెయింట్‌తో రాయడం, మేకులు దిగ్గొట్టడం, డాబా మీద ఇనుప స్తంభం నాటడం వేరే సంగతి. అక్కడ ఓనర్‌దే పైచేయి.

మరి "జెండాలు, పోస్టర్లు పెట్టరాదు" అని స్పష్టంగా రాసి సంతకం చేయించుకుంటే? అప్పుడు ఆ షరతు మనల్ని కట్టేస్తుంది. అయినా వెంటనే సామాను బయట పడేసే అధికారం దానివల్ల రాదు. షరతు తప్పితే ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకుంటామని అగ్రిమెంట్‌లో విడిగా రాసి ఉండాలి. ఫలానా తప్పు జరిగింది, సరిచేసుకోండి అని రాతపూర్వకంగా నోటీసివ్వాలి (సెక్షన్ 114ఎ). తప్పు తెలిసి కూడా తర్వాతి నెల అద్దె తీసుకుంటే ఆ తప్పును వదిలేసినట్టే (సెక్షన్ 112). అద్దెను యూపీఐలోనో బ్యాంకులోనో వేయమని పెద్దలు చెప్పేది ఇందుకే. రశీదు లేని నగదుకు సాక్ష్యం ఉండదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఖాళీ చేయించడానికి కారణాలు లెక్కపెట్టినన్నే. బకాయి, అనుమతి లేకుండా వేరేవాళ్లకు అద్దెకివ్వడం, ఇంటి విలువ తగ్గించడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం, ఓనర్‌కు సొంతానికి అవసరం కావడం వంటివి. నచ్చని రాజకీయం ఆ జాబితాలో లేదు. అయితే 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఈ రోజు 3,500కు సింగిల్ రూమైనా దొరుకుతుందా? అందుకే మనలో చాలామంది ఈ రక్షణకు బయటే బతుకుతున్నాం. పదకొండు నెలల అగ్రిమెంట్ ముగిశాక నెలనెలా సాగే అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలు, కారణం చెప్పక్కర్లేదు. జెండా వల్ల ఖాళీ చేయమంటున్నానని ఏ ఓనరూ రాసివ్వడు. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడంటాడు.

హాస్టల్ విద్యార్థుల పరిస్థితి ఇంకా పలచన. పీజీలో మంచానికి డబ్బు కట్టేవాళ్లకు సాధారణంగా ఉండేది లీజు కాదు, లైసెన్సు. గది మీద పూర్తి స్వాధీనం లేనప్పుడు పైన చెప్పిన సెక్షన్లు అక్కరకు రావు. యూనివర్సిటీ హాస్టల్ అయితే అది ప్రభుత్వ సంస్థ కాబట్టి 19వ అధికరణాన్ని నేరుగా అడగొచ్చు.

పటం మీద చెయ్యి పడితే

ఇక్కడ మాత్రం చట్టం మన పక్కన గట్టిగా నిలబడుతుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(టి) చేరింది. దళితులు, ఆదివాసీలు పవిత్రంగానో గౌరవంగానో చూసుకునే వస్తువును ధ్వంసం చేసినా, అపవిత్రం చేసినా నేరం. విగ్రహం, ఫొటో, చిత్రపటం కూడా ఆ "వస్తువు" కిందికే వస్తాయని వివరణలో రాశారు. తలుపు మీది అంబేద్కర్ పటాన్ని ఓనర్ చింపితే అది ఇంటి గొడవ కాదు, ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష పడే నేరం. కులం పేరుతో దూషించిన కేసుల్లో పదిమందికీ కనిపించే చోట జరిగిందని చూపాలి. 2020లో హితేశ్ వర్మ కేసులో, నాలుగు గోడల మధ్య అన్నమాటకు ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది కూడా. పటం విషయంలో (టి) క్లాజు ఆ షరతు పెట్టలేదు.

ఇంటి నుంచి అన్యాయంగా వెళ్లగొట్టడం 3(1)(జి) కిందికి, ఇల్లు విడిచి వెళ్లేలా చేయడం 3(1)(జెడ్) కిందికి వస్తాయి. అయితే పటం తీసెయ్యమని అడగడమే నేరం కాదు, చట్టప్రకారం ఇచ్చిన నోటీసూ నేరం కాదు. తాళం వేయడం, కరెంటు పీకడం, సామాను బయటేయడం జరిగితే కథ మారుతుంది. అప్పుడు కుల కేసుతో పాటు, నిర్దిష్ట పరిహార చట్టం, 1963 సెక్షన్ 6 కింద ఆరు నెలల లోపు సివిల్ కోర్టుకెళ్లి స్వాధీనం తిరిగి అడగొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. ప్రాథమిక విచారణ అయ్యాకే కేసు పెడతామని స్టేషన్‌లో అంటే 18ఎ సెక్షన్ చూపించండి. ఆ విచారణ అక్కర్లేదని అందులోనే ఉంది.

ఓట్ల సీజన్‌లో

ఎన్నికల ప్రవర్తనా నియమావళి, ఒక వ్యక్తి స్థలం, భవనం, ప్రహరీ గోడ మీద ఆ వ్యక్తి అనుమతి లేకుండా పార్టీలు జెండాలు, బ్యానర్లు పెట్టకూడదంటుంది. ఆ వ్యక్తి ఓనరా, అందులో ఉంటున్న అద్దెదారా అనేది నియమావళి విడదీసి చెప్పలేదు. మన వాకిట్లో పార్టీవాళ్లు మనల్ని అడగకుండా, ఓనర్‌ను అడిగి బ్యానర్ కట్టిపోతే అభ్యంతరం చెప్పే హక్కు మనకూ ఉండాలి. అభ్యర్థికి ఓటెయ్యమని అడిగే బ్యానర్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచారానికి ఖర్చుపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 176 కింద నేరం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే, 1964 ప్రవర్తనా నియమాల్లోని 5వ నియమం ప్రకారం ఒంటి మీద, బండి మీద, ఇంటి మీద ఎన్నికల గుర్తు ప్రదర్శించకూడదు. సొంతిల్లయినా అద్దె ఇల్లయినా ఒకటే. ఇది ఎన్నికల గుర్తుకు మాత్రమే. ఏనుగు గుర్తున్న జెండా కుదరదు. అంబేద్కర్ పటం ఎన్నికల గుర్తు కాదు. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో ఈ తేడాను కావాలనే చెరిపేస్తుంటారు.

కాలిఫోర్నియాలో రాసి పెట్టుకున్నారు

మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అద్దెకుండే కాలిఫోర్నియాలో ఈ తగాదాకు నేరుగా చట్టం ఉంది. అక్కడి సివిల్ కోడ్‌లో సెక్షన్ 1940.4 అనేది 2012 నుంచి అమల్లో ఉంది. ఎన్నికలకు, స్థానిక సంస్థల ఓటింగుకు సంబంధించిన రాజకీయ బోర్డులు పెట్టకుండా అద్దెదారును ఓనర్ ఆపకూడదు. బోర్డు ఆరు చదరపు అడుగులు మించితే ఆపొచ్చు. అపార్ట్‌మెంట్‌లో అయితే తన కిటికీకో తలుపుకో పెట్టుకోవచ్చు, విడి ఇల్లయితే పెరట్లో, బాల్కనీలో, బయటి గోడ మీద కూడా. స్థానిక నిబంధన లేనిచోట ఓనర్ గడువు పెట్టొచ్చు కానీ, ఎన్నికకు ముందు కనీసం 90 రోజులు, తర్వాత 15 రోజులు ఉండనిస్తేనే అది సమంజసమైన గడువు. అమెరికా రాజ్యాంగం కూడా ప్రైవేటు ఓనర్‌ను నేరుగా కట్టెయ్యదు కాబట్టే ఈ చట్టం అవసరమైంది.

అయితే ఓటింగుతో సంబంధం లేని అంబేద్కర్ పటానికి ఈ సెక్షన్ రక్షణ ఇవ్వదు. అదే రాష్ట్రంలో కుల వివక్షను పేరు పెట్టి నిషేధించే ఎస్‌బీ 403 బిల్లు సభల్లో నెగ్గినా, 2023 అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. ఉన్న చట్టాల్లోనే కులం ఇమిడి ఉందన్నది ఆయన ఇచ్చిన కారణం. ఓనర్ కూడా మన జిల్లావాడే అయినప్పుడు ఆ మాట ఎంత ఊరటో అక్కడుంటున్నవాళ్లకే తెలియాలి.

మన రెండు రాష్ట్రాల్లోనూ 1940.4 లాంటి సెక్షన్ ఒకటి కావాలని అడగొచ్చు, అడగాలి. ఈలోగా సంతకం చేసేముందు అగ్రిమెంట్ పూర్తిగా చదవండి. "రాజకీయ కార్యకలాపాలు చేయరాదు" అనే మాట ఉంటే దాని కింద ఒక్క వాక్యం చేర్చమని అడగండి: "గోడకు నష్టం కలగకుండా తలుపుకు, కిటికీకి, బాల్కనీకి పటాలు, జెండాలు పెట్టుకోవడానికి ఈ షరతు అడ్డు కాదు." ఓనర్ ఒప్పుకోకపోతే, ఆ షరతు అన్ని పోర్షన్లకూ, అన్ని రంగుల జెండాలకూ ఉందా అని వాట్సాప్‌లో అడిగి, జవాబు దాచిపెట్టుకోండి.