మెదక్ చర్చి అద్దాల్లో పగటి వెలుగు

క్రైస్తవ విశ్వాసంలో వెలుగు దేవుని సన్నిధికి గుర్తు. ఆదికాండంలో వెలుగు మొదటి రోజే పుడుతుంది, సూర్యచంద్రులు నాలుగో రోజుకు గాని రారు. వెలుగు సూర్యుడి సొత్తు కాదు, దేవుడిదన్న మాట. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులకు రాత్రిపూట దారి చూపింది అగ్నిస్తంభం. ప్రత్యక్షపు గుడారంలో ఏడు దీపాల దీపవృక్షం పెట్టమని మోషేకు ఆజ్ఞ. యోహాను సువార్తలో యేసు లోకానికి వెలుగును తానేనని చెబుతాడు. ప్రకటన గ్రంథం చివర కనిపించే కొత్త యెరూషలేముకు సూర్యుడి అవసరమే ఉండదు. 2వ శతాబ్దం నాటికే బాప్తిస్మానికి వెలుగు పొందడమన్న పేరుండేది. క్రీ.శ. 325లో నికయ సభ కూర్చిన విశ్వాస ప్రమాణం తండ్రికీ కుమారుడికీ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి కూడా వెలుగునే ఆశ్రయించింది.

ఈ భావాన్ని కంటికి కట్టే తీరు ఒక్కో శాఖలో ఒక్కో విధం. కతోలిక దేవాలయాల్లో దివ్యసత్ప్రసాదం భద్రపరిచే మందసం పక్కన ఒక చిన్న దీపం, చాలాచోట్ల ఎర్ర గాజులో, రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. క్రీస్తు అక్కడ ఉన్నాడని ఆ దీపం అర్థం. పాస్క పండుగకు ముందు శనివారం రాత్రి దీపాలన్నీ ఆర్పేస్తారు. బయట కొత్త నిప్పు రాజేసి, పెద్ద పాస్క కొవ్వొత్తి మైనం మీద సిలువనూ, ఆ ఏటి అంకెలనూ గీసి వెలిగిస్తారు. ఆ ఒక్క వత్తి చీకటి గుడిలోకి వస్తుంది. దాని నుంచి ఒకరి కొవ్వొత్తి, వారి నుంచి పక్కవారిది అంటుకుంటూ పోయి, కాసేపట్లో గుడంతా ముఖాలు కనిపిస్తాయి.

సూర్యకాంతినే ఆరాధనలోకి తెచ్చిన పని రంగుటద్దాల కిటికీలది. పారిస్ దగ్గరి సెయింట్ డెనీలో మఠాధిపతి సుజేర్ 1144లో ప్రతిష్ఠ చేయించిన గుడిభాగంతో ఈ కళకు పెద్ద ఊపు వచ్చింది. అందమైన వెలుగును చూసిన మనసు దేవుని వైపు లేస్తుందని ఆయన నమ్మాడు. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఎరుపో పచ్చో వస్తాయి. ముక్కలు కోసి, ముఖాలూ బట్టల ముడతలూ నల్లటి రంగుతో గీసి, కొలిమిలో కాల్చి, సీసం పట్టీలతో అతుకుతారు. గోడ మీది బొమ్మకు వెలుగు ముందు నుంచి పడితే చాలు. ఈ బొమ్మకు వెలుగు తన గుండా దూరి రావాలి. లేకపోతే బొమ్మే లేదు.

ఆ కళ తెలుగు నేల మీద నిండుగా కనిపించేది మెదక్ చర్చిలో. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించాడు. కరువు రోజులవి. తిండి లేక వచ్చిన చుట్టుపక్కల పల్లెల జనానికి ఈ కట్టడమే పని ఇచ్చి అన్నం పెట్టింది. పదేళ్ల తర్వాత 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గుడి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గోపురం 175 అడుగులు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇది మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన ఆలయమైంది.

లోపల మూడు పెద్ద కిటికీలు: క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. బొమ్మలు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. వెస్లియన్ ఆరాధనలో దీపాలకూ విగ్రహాలకూ పెద్దగా చోటు లేదు. అలాంటి గుడిలో వెలుగుకు దొరికిన పెద్దపీట ఈ కిటికీలే. మట్టి మోసిన కూలీల్లో చదువు రానివాళ్లే ఎక్కువ. వాళ్ల పిల్లలూ మనవలూ సువార్త కథను ముందు కళ్లతో చదువుకున్నది ఇలాంటి బొమ్మల్లోనే అనుకోవడం తప్పు కాదు. కిటికీలు వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి కనుక పొద్దు తిరిగేకొద్దీ ఒకటి మండుతుంటే మరొకటి మెత్తబడుతుంది. మబ్బు కమ్మితే నీలాలు ముదురుతాయి. పొద్దు గూకాక లోపలి నుంచి చూస్తే నల్లటి పలకలు, సీసం గీతలు, అంతే. మెదక్ చర్చికి వన్నె తెచ్చింది గోపురం ఎత్తు కంటే ఈ గుణమే.

మెదక్ ప్రతిష్ఠ తర్వాత పద్నాలుగేళ్లకు డోర్నకల్‌లో లేచిన ఆలయానికి వెలుగు పేరులోనే ఉంది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య దాన్ని ఎపిఫనీకి, అంటే నక్షత్రం వెంట తూర్పు జ్ఞానులు వచ్చి బాలయేసును చూసిన పండుగకు, అంకితం చేశారు. 1939లో ఆ పండుగ రోజే, జనవరి 6న, ప్రతిష్ఠ జరిగింది. మన మండప స్తంభాలూ మసీదు తరహా గుమ్మటాలూ అక్కడ ఒకే కప్పు కింద కలిశాయి.

నూనె దీపం చర్చిలోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. 1969లో భారత కతోలిక ఆరాధన కోసం రోమ్ ఒప్పుకున్న 12 మార్పుల్లో కొవ్వొత్తికి బదులు నూనె దీపం వాడుకోవచ్చన్నది ఒకటి. సందెవేళ దీపం పెట్టే ఇళ్లలో పుట్టి పెరిగిన విశ్వాసులకు అది కొత్త వస్తువేమీ కాదు. ఎన్నాళ్లో గడప బయట ఆగి, చివరకు లోపలికొచ్చిన తమ వస్తువే.

జనం మాత్రం ఏ అనుమతి కోసమూ ఆగలేదు. విజయవాడ గుణదల కొండ మీద 1924లో, మెదక్ ప్రతిష్ఠ జరిగిన ఏడే, ఫాదర్ అర్లాటి మేరీమాత స్వరూపాన్ని నిలిపారు. ఫిబ్రవరి ఉత్సవాలకు మతభేదం లేకుండా వచ్చేవాళ్లు కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి వెలిగించి మొక్కు తీర్చుకుంటారు. డిసెంబర్ వస్తే క్రైస్తవుల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రం వేలాడుతుంది. ఈస్టర్ తెల్లవారుజామున పొద్దు పొడుపును చూస్తూ ఆరాధన జరుగుతుంది.

హైదరాబాద్ శివారు కోకాపేట నియోపొలిస్‌లో లేస్తున్న టవర్ల అద్దాలు ఎండను వెనక్కి కొట్టడానికి పెట్టినవి. మెదక్ అద్దాలు ఎండను లోపలికి పిలవడానికి పెట్టినవి. రెంటికీ మధ్య దూరం, ఔటర్ రింగ్ రోడ్డెక్కి నర్సాపూర్ మీదుగా వెళితే, సుమారు 100 కిలోమీటర్లు. క్రిస్మస్ రోజు జనసందోహంలో కిటికీల ముందు నిలబడే వీలు దొరకదు. మబ్బు లేని మామూలు రోజు చూసుకుని, పొద్దుండగానే వెళ్లాలి.