పాత కొయ్య పడవకి న్యాయమైన ధర ఎంత?



గోదావరి ఒడ్డున మన సంఘం తరఫున ఒక పాత టేకు పడవ కొని నిలబెడదామన్న మాట నెల రోజులుగా నలుగుతోంది. అమ్మే పెద్దాయన మనవాడే కాబట్టి పేరూ, ఆయన అడిగిన సొమ్మూ ఇక్కడ రాయను. మనం మాత్రం రెండు జట్లుగా చీలిపోయాం. "ఎంత బాగుచేసినా అది నలభై ఏళ్ళ పడవ, కట్టెల ధరకిస్తే తీసుకుందాం" అని కొందరు. "రెండేళ్ళు దగ్గరుండి బాగుచేయించారు, బిల్లులన్నీ ఉన్నాయి, కనీసం ఆ ఖర్చు ఇవ్వకపోతే మర్యాదేనా?" అని మరికొందరు. నన్నడిగితే రెండు లెక్కలూ పనికిరావు. ఎందుకో చెప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి. పొడవుగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ఈ తగువు మన ఊళ్ళో పుట్టింది కాదు. లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ పెట్టిన కాఫీ హోటలు పేరు మీద ఓడల బీమా వ్యాపారం పెరిగింది. ఆ బీమా వాళ్ళకి ఒక చిక్కు. రేవులో నిలబడ్డ ఓడ గట్టిదో, పైకి రంగేసిన పుచ్చు కొయ్యో, ఎక్కడో గదిలో కూర్చుని సంతకం పెట్టేవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని 1760లో ఒక సంఘంగా ఏర్పడి, కొన్నేళ్ళకే ఓడల పట్టీ అచ్చువేయడం మొదలుపెట్టారు. ఓడ ఒంటికి ఇంగ్లీషు అచ్చులు ఐదింటిలో ఒకటి ఇచ్చేవారు, అన్నిటికంటే మంచిదానికి ఏ. తాళ్ళూ లంగర్లూ వగైరా సామగ్రికి వేరే గుర్తు. బాగున్నదాన్ని మనం ఇప్పటికీ "ఏ వన్" అంటాం చూడండి, ఆ మాట ఈ పట్టీలోంచి వచ్చిందే.

కొన్నాళ్ళకి వాళ్ళు సుళువు దారి పట్టారు. ఓడని చూడ్డం తగ్గించి, వయసెంత, ఎక్కడ కట్టారు అన్న రెండు ప్రశ్నలతో తేల్చేయడం మొదలైంది. థేమ్స్ నది మీద కట్టిన ఓడకి ఎక్కువ ఏళ్ళు పై తరగతి, మిగతా చోట్ల కట్టినదానికి తక్కువ. ఆ ఏళ్ళు నిండాయా, తరగతి దిగిపోయినట్టే. యజమాని ఎంత మరమ్మతు చేయించినా పైకి రాదు. అచ్చం మన మొదటి జట్టు వాదన! ఓడల యజమానులకి ఒళ్ళు మండి 1799లో పోటీగా తమ సొంత పట్టీ వేసుకున్నారు. అట్టల రంగుని బట్టి ఒకటి పచ్చ పుస్తకం, ఒకటి ఎర్ర పుస్తకం. ముప్పై ఏళ్ళకి పైగా కొట్టుకుని, ఇద్దరూ చితికిపోయి, 1834లో కలిశారు.

కలిశాక రాసుకున్న నియమాలే మనకి కావలసినవి. ఏ కర్రతో కట్టారో దాన్నిబట్టి ఓడకి ఇన్నేళ్ళని గడువు. ఆ కర్రల పట్టికలో మన దేశపు టేకుకి ఇంగ్లీషు ఓక్‌తో పాటు పై వరసలోనే చోటిచ్చారు. గడువు తీరిన ఓడని విప్పి చూపించి, చెడ్డ కర్ర తీసి మంచి కర్ర వేస్తే మళ్ళీ పై తరగతిలోకి తీసుకునేవారు. అయితే మొదటి గడువంతా ఇచ్చేవారు కాదు, అందులో కొంత భాగమే. అంటే మరమ్మతుకి విలువ ఉంది, కానీ అది పడవని కొత్తది చెయ్యదు. వయసు చూసి కొట్టిపారేయకుండా, బిల్లు చూసి తలూపకుండా, ఇంకెన్నేళ్ళు తిరుగుతుందో చూసి విలువ కట్టడం అన్నమాట.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ళు ఓడలు కట్టించుకోవడానికి నరసాపురం, మాధవాయపాలెం వచ్చేవారు. 1670ల్లో ఈ బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే వర్తకుడు అక్కడి కలపనీ, వడ్రంగుల పనితనాన్నీ మెచ్చుకుంటూ రాశాడు. తర్వాత ఆ పేరు కోరంగికి దక్కింది. నైరుతి గాలుల కాలంలో ఈ తీరమంతా అలలతో ఎగిసిపడుతుంటే, కోరంగి దగ్గర సముద్రం చెరువులా ఉండేది. అందుకని దెబ్బతిన్న ఓడలు బాగుచేయించుకోవడానికి అక్కడికి చేరేవి. 1800 తర్వాతి తొలి ఏళ్ళలో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన అక్కడ ఓడల మరమ్మతుకే ఒక డాక్ కట్టించాడు. మన పక్కనున్న ఊరు కొత్త ఓడలు కట్టి ఎంత సంపాదించిందో, పాత ఓడల్ని నిలబెట్టీ అలాగే బతికింది. 1789లో, 1839లో వచ్చిన తుఫానులూ, గోదావరి ఒండ్రూ కలిసి ఆ రేవుని మింగేశాయి. పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళందర్నీ "కోరంగీలు" అనేవారు. పని మాత్రం తాళ్ళరేవు వడ్రంగుల చేతుల్లో మిగిలింది.

ఒరిస్సా సభ్యులకి ఇంకో ఉదాహరణ కళ్ళెదుటే ఉండేది. పూరీ పెంటకోటలో మన వాడబలిజలు వాడిన కుట్టు పడవల్లో మేకు ఉండదు, బల్లల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఒడ్డున అల కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టు పడవ వంగి ఊరుకుంటుంది. తాడు పాడైతే కుట్టు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. అలాంటి పడవని బేరమాడేటప్పుడు కుట్టు కొత్తదని ఎవరూ ఎక్కువివ్వరు. బల్ల చూసి బేరమాడతారు.

కర్ర విషయంలో బొంబాయి సభ్యులు గర్వపడే సంగతి ఒకటుంది. 1817లో బొంబాయి రేవులో వాడియా కుటుంబం వాళ్ళు మలబారు టేకుతో ట్రింకోమలీ అనే యుద్ధనౌక కట్టి ఇంగ్లండు నౌకాదళానికి ఇచ్చారు. ఎనభై ఏళ్ళ తర్వాత, 1897లో, దాన్ని విరగ్గొట్టేవాళ్ళకి అమ్మేశారు. సరిగ్గా అప్పుడే వీట్లీ కోబ్ అనే ధనవంతుడు నష్టంలో ఉన్నాడు. అంతకుముందు ఆయన నెల్సన్ ఎక్కిన ఫూద్రోయాన్ అనే ఓక్ నౌకని పాత సామాను వాళ్ళ దగ్గర్నుంచి విడిపించి, సుమారు 20 వేల పౌన్లు పోసి బాగుచేయించాడు. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి టిక్కెట్టు పెట్టి ఊరూరా చూపించాడు. 1897 జూన్‌లో బ్లాక్‌పూల్ ఒడ్డున గాలివానకి అది లంగరు తెంచుకుని ఇసకలో పడింది. మిగిలిన కర్రని కుర్చీలూ బల్లలూ గుర్తుగా దాచుకునే వస్తువులూ చేసి అమ్మారు. పోసిన సొమ్ము పోసినవాడితోనే పోయింది.

దాని బదులు ఆయన కట్టెల ధరకి పోబోతున్న మన బొంబాయి టేకు ఓడని కొన్నాడు. పోయినదాని పేరే దీనికీ పెట్టాడు. తర్వాత చాలా ఏళ్ళు ఈ ఓడ పోర్ట్స్‌మత్ రేవులో ఇంప్లాకబుల్ అనే మరో పాత యుద్ధనౌక పక్కనే పడుంది, రెండిటి మీదా కుర్రాళ్ళకి నావిక శిక్షణ. ఇంప్లాకబుల్ అసలు ఫ్రెంచి వాళ్ళది. ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొని తర్వాత పట్టుబడిన ఓడ, చరిత్రలో దీనికంటే ఎంతో పేరున్నది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక దాన్ని బాగుచేసే ఖర్చు ఎవరూ భరించలేకపోయారు. ఫ్రెంచి వాళ్ళకి తిరిగి ఇస్తామన్నా వద్దన్నారు. 1949 డిసెంబరు 2న రెండు దేశాల జెండాలూ ఎగరేసి సముద్రంలో ముంచేశారు. అది చాలా పెద్ద ఓడ, యుద్ధం తర్వాత డబ్బుకీ కలపకీ కరువు, ఆ మాట నిజమే. కానీ పక్కనే ఉన్న టేకు ఓడ నిలిచింది. 2001 కల్లా ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో దాన్ని పూర్తిగా బాగుచేసి పాత పేరు మళ్ళీ పెట్టారు. ఇప్పటికీ నీళ్ళమీదే ఉంది. కట్టెల ధర కట్టినవాడు 1897లో ఎంత పొరపడ్డాడో చూడండి. అలాగని మరమ్మతుకి పోసిందంతా ధర అనుకున్నవాడు బ్లాక్‌పూల్‌లో ఏమయ్యాడో కూడా చూడండి.

సరే, మన పడవ. పోటు తీశాక, పడవ బురదలో కూర్చున్నప్పుడు చూడాలి. నీళ్ళలో తేలుతూ ఉన్న పడవని చూసి ధర చెప్పేవాడి మాట వినకండి. దూరంగా నిలబడి ఒక పక్కనుంచి చూడండి. అడుగున వెన్ను దూలం సరళంగా ఉందా, నడుం పైకి లేచి రెండు కొసలూ వాలిపోయాయా? పడవకి గూని వచ్చిందంటే ఏ రంగూ దాన్ని తియ్యలేదు. తర్వాత లోపల పక్కటెముకల కర్రలు. పాత కర్ర పుచ్చితే దాని పక్కన కొత్త కర్ర జోడించి వదిలేస్తారు. అలాంటివి ఎన్నో లెక్కపెట్టండి. సుత్తితో తడితే గట్టి కర్ర ఖణేలుమంటుంది, పుచ్చిన కర్ర బొదబొదమంటుంది. మేకుల చుట్టూ నల్ల మచ్చలున్నాయా చూడండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఇనుము చాలాకాలం ఆగుతుంది. కానీ మరమ్మతులో వేరే నాసి కర్ర కలిపితే అక్కడే మొదలవుతుంది చిలుము.

ఓడపురుగు సంగతి ముఖ్యం. పేరుకి పురుగే గానీ అది ఆల్చిప్పల జాతి. చిన్నప్పుడే కర్రలోకి దూరి లోపలే పెరుగుతుంది. బయట గుండుసూది తల అంత బెజ్జం, లోపల వేలు పట్టేంత సొరంగం. ఉప్పు నీళ్ళలోనే బతుకుతుంది, మంచినీళ్ళలో చస్తుంది. కాబట్టి ఈ పడవ ఇన్నేళ్ళూ ఏటి పైన కట్టారా, మొగ దగ్గర కట్టారా అని అడగాలి. దీనికి తిరగబడే సంగతి ఇంకొకటి: కర్రని కుళ్ళబెట్టేది వాననీరు. కాబట్టి అడుగు చూసి వచ్చేయకుండా, పైన అతుకుల దగ్గర, నీళ్ళు నిలిచే మూలల్లో చాకు మొన గుచ్చండి. ఒంటికి ఫైబరు పూత వేయించి ఉంటే ఇంకా జాగ్రత్త. పూత కింద తడి చిక్కుకుంటే కర్ర లోపల్లోపలే పోతుంది, పైకి అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. అమ్మేవారు ఒకచోట పూత విప్పి చూపించడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నా ఓటు వద్దనే.

ఇక లెక్క. ఇదే కొలతలతో కొత్త టేకు పడవకి ఎంతవుతుందో తాళ్ళరేవులో ఇద్దరు మేస్త్రీల దగ్గర విడివిడిగా అడుగుదాం. అది నూరు రూపాయలనుకోండి. కొత్తది ముప్పై ఏళ్ళు తిరుగుతుందనీ, ఇది ఇంకా పన్నెండేళ్ళు తిరుగుతుందనీ మేస్త్రీ చెప్పాడనుకోండి. అప్పుడు పడవ ఒంటి విలువ నలభై. రాబోయే రెండేళ్ళలో తప్పనిసరి మరమ్మతు ఏదైనా ఉంటే అందులోంచి తీసేయాలి. ఇంజను విడిగా, సెకండ్‌హ్యాండ్ ధరకి. ఆయన బిల్లుల్లో మార్చిన బల్లలు, పక్క కర్రలు, మేకులు, సందుల్లో కుక్కిన నార, పూసిన గుగ్గిలం, ఇవన్నీ ఆ పన్నెండేళ్ళలో ఇప్పటికే చేరిపోయాయి, మళ్ళీ కలపకూడదు. రంగులు, దీపాలు, కుర్చీలు ఆయన ముచ్చట కోసం పెట్టుకున్నవి, వాటి డబ్బు ఆయనదే. అయితే ఏ చెక్క ఎప్పుడు మార్చారో ఫొటోలతో సహా దాచి ఉంటే, అలాంటి పడవకి మేస్త్రీ ధైర్యంగా ఎక్కువ ఏళ్ళు చెప్తాడు. బిల్లుల అసలు ఉపయోగం అదే.

మనం దాన్ని నడపడానికి కాదు, ఒడ్డున చూడ్డానికి కొంటున్నాం కదా అని ఒకరు రాశారు. ఒడ్డెక్కించిన కొయ్య పడవ ఎండకి ఆరి బల్లలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. పైన కప్పు, కింద సరైన ఆనువులు లేకుండా నాలుగు ఎండాకాలాలు గడిస్తే మనం కొన్నది మిగలదు. కప్పు ఖర్చు ఈ నిర్ణయంలోనే లెక్కలోకి రావాలి, కొన్నాక కాదు.

పెద్దాయన మీద గౌరవం అందరికీ ఉంది, నాకూ ఉంది. ఆ గౌరవాన్ని ధరలో కలపొద్దని మాత్రం మనవి. సంఘం సొమ్ములో చీటీ కట్టి దాచుకున్న ఆడవాళ్ళ డబ్బు కూడా ఉంది. ఆయన రెండేళ్ళ శ్రమకి ఏమైనా ఇవ్వాలనుకుంటే అది సన్మానం కింద, వేరే తీర్మానంతో, ఇష్టమైనవాళ్ళ జేబులోంచి ఇద్దాం. అలా చేస్తే కట్టెల ధరకి బేరమాడి ఆయన్ని చిన్నబుచ్చే పని కూడా ఉండదు.

సమావేశానికి ముందే ఒక రోజు, పోటు తీసే వేళ చూసుకుని, మేస్త్రీని తీసుకెళ్దాం. ఆయనకి ముందుగా ఫోను చేసి, విప్పి చూడ్డానికి అనుమతి నేనడుగుతాను. మేస్త్రీ కూలి సంఘం ఇవ్వాలి, అమ్మేవారు ఇవ్వకూడదు. రాగలిగినవాళ్ళు కింద పేరు రాయండి, పాత చెప్పులేసుకుని రండి, బురద మోకాలి దాకా ఉంటుంది.